మెగ్నీషియం మంట నుంచి మిర్రర్‌లెస్ దాకా

సీమ నేల ఫొటోకి అంత తేలిగ్గా లొంగదు. బయట చూస్తే కళ్లు చెదిరే ఎండ, కొండ కడుపులోకి దిగితే కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. ఈ రెంటినీ ఒకే రోజు, ఒకే కెమెరాతో పట్టుకోవాలన్నది ఇప్పటి యాత్రికుడి కోరిక. ఆ కోరిక తీరడానికి ఎంత కాలం పట్టిందో తెలిస్తే, చేతిలో ఇమిడే చిన్న మిర్రర్‌లెస్ కెమెరా విలువ ఇంకా బాగా అర్థమవుతుంది.

1652లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలవడానికి గండికోటకు వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే తాను చూసినదాన్ని మాటల్లోనే రాసుకుపోయాడు. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కుంఫిణీకి దత్తం చేశాక సర్వేయర్ కాలిన్ మెకంజీ బృందం సర్వే గొలుసులు పట్టుకుని తిరిగింది. ఆ బృందం ఊరూరా రాయించిన కైఫీయత్తుల్లో, అంటే స్థానిక చరిత్రల్లో, కడప జిల్లావి తర్వాత కడపలోని సి.పి.బ్రౌన్ పరిశోధన కేంద్రం ద్వారా అచ్చులోకి వచ్చాయి. ఇదంతా కలం, కుంచెల కాలం.

మద్రాసులో 1856లో ఫొటోగ్రఫీ సొసైటీ పుట్టింది. ఆ మరుసటి ఏడాది చివర్లో ప్రెసిడెన్సీ ఫొటోగ్రాఫర్ లిన్నేయస్ ట్రైప్ ఎద్దుబండ్ల మీద సామాను వేసుకుని బయల్దేరాడు. కానీ బండ్లు దక్షిణానికి, శ్రీరంగం, మదురై, తంజావూరు దారి పట్టాయి. మన వైపు రాలేదు. వచ్చి ఉంటే ఎంత బాగుండేదో! ఆ రోజుల్లో వాడుకలో ఉన్న తడి ఫలకాల పద్ధతిలో గాజు పలకకు కొలోడియన్ పూసి, వెండి ద్రావణంలో ముంచి, తడి ఆరేలోపే ఫొటో తీసి కడగాలి. చీకటి గుడారం కూడా వెంటే ఉండాలి. నంద్యాల ఎండలో ఆ తడి ఎంతసేపు నిలుస్తుంది?

గుహల సంగతి మరీ కష్టం. అమెరికాలోని మామత్ గుహలో చార్లెస్ వాల్డాక్ 1866లో మెగ్నీషియం మండించి, ఆ తెల్లటి వెలుగులో ఫొటోలు తీశాడు. మంట పొగ తేరుకునేదాకా మరో ఫొటోకి వీల్లేదు. సరిగ్గా 18 ఏళ్లకు, 1884లో, భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ మన బెలుం గుహల గురించి రాశాడు. బేతంచెర్ల దగ్గర బిళ్లసర్గం గుహల్లో తండ్రీకొడుకులు ఫుట్‌లు తవ్వకాలు జరిపిందీ ఆ రోజుల్లోనే. తర్వాత దాదాపు వందేళ్లకు, 1982, 83ల్లో, జర్మన్ బృందం బెలుంను కొలిచి 3,229 మీటర్ల పొడవు తేల్చింది. 2002 నుంచి లోపల కరెంటు దీపాల వెలుగులో జనం తిరుగుతున్నారు.

ఆ దీపాలే నేటి కెమెరాకు మొదటి పరీక్ష. మన కరెంటు 50 హెర్ట్జ్. అందుకే చాలా దీపాలు కంటికి తెలియకుండానే సెకనుకు వందసార్లు మినుకుతాయి. వీడియో 25 ఫ్రేముల్లో, షట్టర్ 1/50 దగ్గర పెడితే గోడల మీద నల్లటి పట్టీలు రావు. ఇక లెన్స్. కెమెరాతోపాటు వచ్చే ఎఫ్/3.5 లెన్స్‌కీ, విడిగా కొనే ఎఫ్/1.8 లెన్స్‌కీ మధ్య వెలుగులో తేడా దాదాపు నాలుగు రెట్లు. నా మటుకు నేను కొత్త బాడీకి పెట్టే డబ్బులో సగం తగ్గించుకుని అయినా అలాంటి లెన్స్ కొనమంటాను. మెగాపిక్సెళ్ల లెక్క గుహలో అక్కరకు రాదు. ఇంకో మాట: లోపల ఉక్కపోత. ఏసీ కారులో చల్లబడ్డ కెమెరాను నేరుగా దింపితే అద్దం మీద ఆవిరి పడుతుంది. దిగడానికి ముందు కాసేపు సంచిలోనే ఉంచి బయటి వేడికి అలవాటు కానివ్వాలి.

మిర్రర్‌లెస్ అంటే, పాత ఎస్ఎల్ఆర్ కెమెరాల్లోని అద్దాన్ని తీసేసి, సెన్సర్ మీద పడ్డ బొమ్మనే తెరపై చూపించడం. 2008లో పానసోనిక్ జీ1తో ఈ దారి మొదలైంది. అద్దం పోవడంతో కెమెరా చిన్నదైంది. దాంతోపాటు సెన్సర్‌కి ముందున్న అడ్డూ పోయింది. లెన్స్ ఊడదీస్తే చాలా చిన్న మోడళ్లలో సెన్సర్ ఎదురుగానే కనిపిస్తుంది. బనగానపల్లె, కొలిమిగుండ్ల దారుల్లో నాపరాయి కోసే మిషన్ల నుంచి లేచే తెల్లటి పిండి రోడ్డు పక్క చెట్ల ఆకుల మీద కూడా పేరుకుని ఉంటుంది. అక్కడ లెన్స్ మార్చడం సెన్సర్ మీద చేజేతులా దుమ్ము చల్లుకోవడమే. లాడ్జి గదిలో, ఫ్యాన్ ఆపి మార్చుకోండి.

గండికోటలో లెక్క వేరు. పొద్దున పెన్న లోయలో సగం నల్లటి నీడ, సగం ఎర్రగా వెలిగే రాయి. రా (RAW) ఫైల్ తీసి, వెలుగు భాగం తెల్లబోకుండా కాస్త తక్కువ ఎక్స్‌పోజరు ఇస్తే నీడలోని పగుళ్లను తర్వాత పైకి లాగవచ్చు. చాలా ఫోన్ల సెన్సర్లకన్నా ఎన్నో రెట్లు పెద్దదైన, ఇలాంటి కెమెరాల్లోని ఏపీఎస్-సీ సెన్సర్ నిజంగా పనికొచ్చేది ఇక్కడే. మిట్టమధ్యాహ్నం వెనక తెర కనపడదు. అందుకని కంటికి ఆనించుకునే వ్యూఫైండర్ ఉన్న కెనన్ ఆర్50 (2023, బ్యాటరీతో 375 గ్రాములు) ఎండకు నయం. సోనీ జడ్‌వీ-ఈ10 (2021, 343 గ్రాములు)లో అది లేదు. కానీ మైకుకు తొడిగే బొచ్చు తొడుగు పెట్టెలోనే వస్తుంది. లోయ అంచున గాలి హోరులో మాట వినపడాలంటే అది ఉండాల్సిందే. ఈ రెండింటి బాడీలోనూ చేతి వణుకు ఆపే ఏర్పాటు లేదు. సాఫ్ట్‌వేర్ స్టెబిలైజేషన్ వాడితే ఫ్రేము కోతపడి, చెయ్యి చాచి మాట్లాడేవాళ్ల ముఖమే తెరంతా నిండి కోట కనపడకుండా పోతుంది. 11 మిల్లీమీటర్ల వెడల్పాటి లెన్స్ దానికి విరుగుడు. నడుస్తూ ఎక్కువగా తీసేవాళ్లకు ఫుజీ ఎక్స్-ఎస్10 మేలు. బరువు 465 గ్రాములైనా ఆ ఏర్పాటు బాడీలోనే ఉంది. ట్రైపాడ్‌కి, డ్రోన్‌కి మాత్రం ముందే అనుమతి అడగాలి.

వ్లాగుల్లో గండికోట లోయ ఒకే కోణంలో వందలసార్లు వచ్చింది. సీమకు ఇంకో రకం ఫొటో కావాలి. యాగంటి బసవన్న పెరుగుతున్నాడని జనం నమ్మకం. పూర్వం చుట్టూ ప్రదక్షిణకు చోటుండేదని పెద్దలు చెబుతారు. ముచ్చుమర్రి దగ్గర సంగమేశ్వరం గుడి శ్రీశైలం వెనక నీళ్లలో మునిగి, నీళ్లు దిగితే వేసవిలో మళ్లీ బయటపడుతుంది. ఏటా అదే చోట నిలబడి, అదే లెన్స్‌తో ఒక్క ఫొటో తీస్తే, బసవన్న పెరుగుతున్నాడో లేదో, మునిగి తేలే ఆ గుడి రాళ్లకు ఏం జరుగుతోందో వరసగా కనిపిస్తుంది. ఇందుకు పై రకం కెమెరా ఏదైనా సరిపోతుంది. తేదీ, లెన్స్ కొలత ఫైల్లోనే నమోదవుతాయి కాబట్టి బయల్దేరే ముందు కెమెరా గడియారం సరిచూసుకోవాలి. తీసిన రా ఫైళ్లను రెండు వేర్వేరు డిస్కుల్లో దాచాలి.