చిత్రకారుడి పక్కన ఇంజనీరు: అరవై ఏళ్ల వెనక్కి ఓ చూపు

1960 మార్చి 17 సాయంత్రం న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్ తోటలో ఒక యంత్రం తనను తాను ధ్వంసం చేసుకుంది. సైకిలు చక్రాలు, పాత పియానో, మోటార్లు కలిపి స్విట్జర్లాండ్ శిల్పి జాఁ తింగెలీ కట్టిన ఆ యంత్రం 27 నిమిషాలు రొదచేసింది. మంటలు లేచాయి. అగ్నిమాపక సిబ్బంది వచ్చి ఆర్పారు. ఏ భాగం ఎప్పుడు కదలాలో, ఎప్పుడు కూలాలో చూసుకునే ఏర్పాట్లలో బెల్ ల్యాబ్స్‌కు చెందిన బిల్లీ క్లూవర్, హెరాల్డ్ హాడ్జెస్ ఉన్నారు. తింగెలీ పేరు కళాచరిత్ర పుస్తకాల్లో ఎక్కడ తెరిచినా దొరుకుతుంది. హాడ్జెస్ పేరు కోసం వెతుక్కోవాలి. కొత్త మాధ్యమాల కళ చరిత్రను నేను ఆ రెండో పేరు కోసమే చదువుతాను.

క్లూవర్ స్వీడన్‌లో పెరిగిన విద్యుత్ ఇంజనీరు. ట్రాన్సిస్టర్ పుట్టిన బెల్ ల్యాబ్స్‌లో 1958లో చేరాడు. కళాకారుడు అడిగిన వస్తువు తెచ్చి ఇవ్వడంతో తన పని తీరిపోతుందని అతను ఎన్నడూ అనుకోలేదు. ఆండీ వార్హాల్ గాలిలో తేలే విద్యుద్దీపం కావాలన్నాడు. బరువు లెక్కలు చూస్తే అది అయ్యే పని కాదు. ఆ వెతుకులాటలో వేడితో అతికించగల పలుచటి మెరుపు ప్లాస్టిక్ ఒకటి క్లూవర్ బృందం కంటపడింది. దాన్ని చూడగానే వార్హాల్ దీపం మాట వదిలేసి మేఘాలు చేద్దామన్నాడు. 1966లో న్యూయార్క్ గ్యాలరీలో తేలిన వెండి దిండ్లు అలా వచ్చాయి. అడిగింది ఒకటి, దొరికింది ఇంకొకటి. ఈ కళలో గొప్ప పనులన్నీ దాదాపు ఇలాగే పుట్టాయి.

అదే ఏడాది అక్టోబరు 13 నుంచి 23 వరకు న్యూయార్క్‌లోని 69వ రెజిమెంట్ ఆర్మరీలో ‘నైన్ ఈవెనింగ్స్’ అనే ప్రదర్శనల వరుస జరిగింది. పదిమంది కళాకారులు, ముప్ఫైమంది దాకా ఇంజనీర్లు, పదివేలకు పైగా ప్రేక్షకులు. రాబర్ట్ రాషెన్‌బర్గ్ ప్రదర్శనలో చిత్రకారుడు ఫ్రాంక్ స్టెల్లా టెన్నిస్ ఆడాడు. రాకెట్ పిడిలో దాచిన చిన్న ట్రాన్స్‌మిటర్ దెబ్బ దెబ్బకూ హాలంతా మోగించేది, ఒక్కో చప్పుడుకు ఒక్కో దీపం ఆరిపోయేది. చివరికి కటిక చీకటి. ఆ చీకట్లోకి ఐదువందల మంది నడిచివచ్చారు. కంటికి కనిపించని వాళ్లను ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలు పట్టి తెరమీద చూపించాయి. సంగీతకర్త జాన్ కేజ్ ఊరంతటా టెలిఫోన్లు తెరిపించి, హోటలు వంటగది, విద్యుత్ కేంద్రం లాంటి చోట్ల చప్పుళ్లను సంగీతంగా హాల్లోకి రప్పించాడు. పరికరాలు మొరాయించాయి, ఆలస్యాలు జరిగాయి, పత్రికలు ఉతికి ఆరేశాయి. నా దృష్టిలో మాత్రం ఆ శతాబ్దపు కళలో అంత ధైర్యమైన రాత్రులు అరుదు. ఉద్యోగం అయ్యాక రాత్రుళ్లు మేల్కొని తీగలు అతికించిన ఇంజనీర్లకు అక్కడ ప్రమోషన్లూ లేవు, పేరూ లేదు. అయినా వచ్చారు.

ఆ ఊపులోనే క్లూవర్, ఫ్రెడ్ వాల్డ్‌హౌర్ అనే ఇద్దరు ఇంజనీర్లు, రాషెన్‌బర్గ్, రాబర్ట్ విట్‌మన్ అనే ఇద్దరు కళాకారులు కలిసి ‘ఎక్స్‌పెరిమెంట్స్ ఇన్ ఆర్ట్ అండ్ టెక్నాలజీ’ సంస్థను పెట్టారు. క్లుప్తంగా ఈఏటీ. 1968లో అది పోటీ పెట్టినప్పుడు బహుమతి కళాకారుడికి కాదు, అతనితో పనిచేసిన ఇంజనీరుకు అని ప్రకటించింది. గుండె చప్పుడుకు ఎర్రటి దుమ్ము ఎగిరిపడే జాఁ ద్యుప్వీ శిల్పానికి మొదటి బహుమతి వచ్చింది. అందుకున్నది ఇంజనీరు రాల్ఫ్ మార్టెల్. ఇంత న్యాయమైన బహుమతి నాకు మరొకటి తెలియదు.

కంప్యూటర్ బొమ్మల పాయ వేరు. 1965లో స్టుట్‌గార్ట్‌లో గేయోర్గ్ నేస్, న్యూయార్క్‌లో మైఖేల్ నోల్ ప్రదర్శనలు పెట్టారు. వాళ్లకు జోడీ అక్కర్లేదు. లెక్క రాసినవాడే బొమ్మ గీసినవాడు.

1970 ఒసాకా ప్రపంచ ప్రదర్శనలో పెప్సీ మందిరాన్ని ఈఏటీ తీర్చిదిద్దింది. లోపల 90 అడుగుల వ్యాసం గల అద్దపు గుమ్మటంలో మనిషి ప్రతిబింబం తలకిందులుగా గాలిలో వేలాడేది. పైకప్పును జపాన్ కళాకారిణి ఫుజికో నకాయా పొగమంచుతో కప్పింది. రసాయనాలు వద్దు, మనిషి పీల్చగల నీటి మంచే కావాలని ఆమె పట్టుబట్టింది. మేఘాల భౌతికశాస్త్రవేత్త థామస్ మీ, పీడనంతో నీటిని సన్నని రంధ్రాల గుండా చిమ్మే పద్ధతిని అందుకోసమే రూపొందించాడు. తర్వాత అతని సంస్థ అదే మంచును మొక్కల పెంపకానికీ, గ్యాస్ టర్బైన్లను చల్లబరచడానికీ అమ్మింది. కళ అడిగిన ప్రశ్న పరిశ్రమకు సరుకైంది. ఖర్చు పెరిగేసరికి పెప్సీ మాత్రం, ప్రదర్శన మొదలైన కొద్దికాలానికే ఈఏటీని పక్కకు తప్పించింది.

మన దేశంలోని అధ్యాయం గురించి మనవాళ్లకు తెలిసింది తక్కువ. 1969లో అమెరికా సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ అహ్మదాబాద్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో మూగ్ సింథసైజర్‌తో స్టూడియో నెలకొల్పాడు. గీతా సారాభాయి, ఐ.ఎస్. మాథుర్, అతుల్ దేశాయి, ఎస్.సి. శర్మ, జిన్‌రాజ్ జోషిపురా అక్కడ ఎలక్ట్రానిక్ సంగీతం చేశారు. ఆ టేపులు దశాబ్దాలపాటు సంస్థ భాండారంలో పడి ఉండి, సంగీతకారుడు పాల్ పర్గాస్ కృషితో 2023లో ఆల్బమ్‌గా వెలువడ్డాయి. అదే 1969లో విక్రం సారాభాయి పిలుపు మీద ఈఏటీ బృందం గుజరాత్‌లోని ఆనంద్‌కు వచ్చింది. గేదెలు పెంచే ఆడవాళ్లకు టీవీ పాఠాలు ఎలా ఉండాలో ఆలోచించింది. సారాభాయి 1971లో కన్నుమూశారు. ఆయన కలగన్న ఉపగ్రహ టీవీ 1975–76లో ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు చేరింది. వాటిలో ఆంధ్రప్రదేశ్ గ్రామాలూ ఉన్నాయి, ప్రసారాల్లో తెలుగూ ఉంది.

ఇవాళ కళాకారుడికి ఇంజనీరు ఎదురుగా కూర్చోవడం అరుదైపోయింది. సాఫ్ట్‌వేర్ కొంటే చాలు, మాట చెబితే బొమ్మ వస్తుంది. సౌకర్యం నిజమే. కానీ అమ్మేవాడు ముందే ఊహించిన దారుల్లోనే ఆ పరికరం నడుస్తుంది. ‘అది కుదరదు, ఇది చూడు’ అనే మనిషి ఉంటేనే దీపం అడిగినవాడికి మేఘం దొరికింది. మన సినిమాల టైటిల్స్‌లో ఛాయాగ్రాహకుడు, శబ్దం పట్టినవాడు, గ్రాఫిక్స్ చేసినవాడు పేరుపేరునా వస్తారు. ప్రదర్శనశాల గోడమీది చీటీలో కూడా హాడ్జెస్, మీ, మార్టెల్ వంటివారికి కళాకారుడి పేరు పక్కనే, అదే సైజు అక్షరాల్లో చోటివ్వాలి.