కుండ నీరు, కుమ్మరి సారె: హుస్నాబాద్ ప్రాంతపు ఒక చరిత్ర

ఎండలు ముదరగానే కుండ నీరు ఆరోగ్యానికి మంచిదా అన్న ప్రశ్న ఏటా వినిపిస్తుంది. అంతకు ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉన్నది: ఆ కుండను చేసే చేతులు ఎందుకు తగ్గిపోయాయి?

హుస్నాబాద్ నేడు సిద్దిపేట జిల్లాలో ఉన్నా, 2016 అక్టోబరు వరకు కరీంనగర్ జిల్లాలోనిదే. ఆ పాత జిల్లాలోని పెద్దబంకూరు, ధూళికట్ట తవ్వకాలలో శాతవాహనుల కాలపు మట్టి పాత్రలు లభించాయి. పెద్దబంకూరులో కాల్చిన మట్టి వరలతో దించిన బావులు సైతం బయటపడ్డాయి. శాలివాహనుడు కుమ్మరి ఇంట పెరిగాడన్న ఐతిహ్యం మాట ఎలా ఉన్నా, ఈ నేలపై మట్టి పని ఎంత పాతదో ఆ వరలే చెబుతాయి.

చెరువు మట్టిని తెచ్చి, నానబెట్టి, తొక్కి, సారెపై రూపమిచ్చి, నీడన ఆరబెట్టి, ఆములో కాల్చేవారు. నీళ్లకు రంజన్లు, వంటకు అటికలు, పాలకు గురుగులు, గీత కార్మికులకు కల్లు లొట్లు, పెళ్లికి ఐరేని కుండలు, ఎల్లమ్మకు బోనం కుండ. వీటికి ప్రతిఫలం చాలావరకు పంటవేళ కల్లంలో కొలిచిన ధాన్యమే.

ఫ్రిజ్ రాకతోనే ఈ వృత్తి దెబ్బతిన్నదని సాధారణంగా అంటారు. నా దృష్టిలో అది చివరి దెబ్బ మాత్రమే. కుమ్మరికి పెద్ద పని ఇచ్చినది వంటిల్లు కాదు, ఇంటి కప్పు. ఒక్క ఇంటిని కప్పడానికి వేల గూనలు కావాలి. వానలకు పగిలినవి మార్చాలి. 1865లో బాసెల్ మిషన్ వారు మంగళూరులో నెలకొల్పిన కర్మాగారంతో యంత్రపు పెంకుల యుగం మొదలైంది. మన పల్లెల్లో బెంగుళూరు పెంకులనే పేరుతో అవి గూనల స్థానాన్ని ఆక్రమించాయి. తరువాత స్లాబు వచ్చి పెంకునే తొలగించింది.

వంటింటి కథ వేరు. 1886లో కనుగొన్న విద్యుద్విశ్లేషణ పద్ధతి అల్యూమినియాన్ని చవక చేసింది. 1898లో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ మద్రాసులో ఆ లోహపు పాత్రల తయారీని ప్రారంభించాడు. పగలని గిన్నెను ఇల్లాలు కోరుకోవడంలో తప్పేమున్నది? అటుపై స్టీలు, ప్లాస్టిక్ బిందెలు, గ్యాసు పొయ్యి వరుసగా వచ్చాయి. ధాన్యపు కొలత పోయి రొక్కం వచ్చేసరికి బేరం కూడా మొదలైంది.

ఇక ఆరోగ్యం సంగతి. కుండ సర్వరోగ నివారిణి అన్న ప్రచారాన్ని నమ్మనవసరం లేదు. అది చేసేది భౌతికశాస్త్రం: సన్నని రంధ్రాల గుండా ఊరిన నీరు ఆవిరవుతూ గ్రాముకు సుమారు 580 కేలరీల వేడిని తీసుకుపోతుంది. 100 గ్రాములు ఆవిరైతే 10 లీటర్ల నీరు లెక్క ప్రకారం దాదాపు 6 డిగ్రీలు చల్లబడాలి. బయటి వేడి లోనికి చేరుతుంది కనుక వాస్తవంలో కొంత తక్కువే. కరెంటు లేని ఇంట్లో వడగాడ్పుల వేళ అది చిన్న మేలు కాదు. అయితే కుండ సూక్ష్మజీవులను చంపదు. చేతిని ముంచకుండా కాడ గరిటెతో తోడుకోవాలి, తరచు కడిగి ఎండబెట్టాలి.

2018 నుండి ఖాదీ కమిషన్ విద్యుత్ సారెలు పంపిణీ చేస్తున్నది. చేతి శ్రమ తగ్గినంత మాత్రాన గిరాకీ పెరగదు. అందుకే కొందరు మెరిసే రంగులు పూసి అమ్ముతున్నారు. పూత రంధ్రాలను మూసివేస్తే కుండ చల్లబరచదు. కొనేటప్పుడు రంగులేని కుండను ఎంచుకొని, నీరు పోసి కొంతసేపు ఉంచండి. వెలుపల చెమ్మ కనబడితే అది పనికివచ్చే కుండ.