భీమునిపట్టణము: ఊరి లెక్క యెవరిది?

రాజ్యముల చరిత్రము వ్రాసినవారు పెక్కుమంది కలరు. ఏ రాజు ఏ కోటను ముట్టడించెను, ఏ సంవత్సరమున ఏ సంధి జరిగెను అను సంగతులను మన బాలురు పాఠశాలలలో వల్లించుచున్నారు. అయినను మన వీధికి మొదట దీపము పెట్టించినవారెవరు, మురుగుకాలువకు సొమ్ము ఎక్కడనుండి వచ్చెను, తీర్థమునాడు యాత్రికులకు మంచినీరు ఏర్పాటుచేయు భారమెవరిది అని ప్రశ్నించినచో విద్యావంతులును తడబడుదురు. మన బిడ్డల యారోగ్యము దూరపు రాజధానిలోని వాదోపవాదములకంటె ఈ చిన్న సంగతులనే ఎక్కువగ ఆశ్రయించియున్నది. కావున చిన్న యూరి పాలనకథ చిన్న కథ కాదు. అట్టి కథలలో భీమునిపట్టణపు కథ నొకదానిని చదువరుల ముందుంచుచున్నాను.

విశాఖపట్టణమునకు ఈశాన్యమున, సముద్రపుటొడ్డు వెంబడి సుమారు 25 కిలోమీటర్లు పోయినచో, గోస్తనీనది కడలిలో కలియుచోట భీమునిపట్టణమున్నది. జనులు దీనిని భీమిలి యందురు. పదునేడవ శతాబ్దమున ఒలాందావారు ఇచ్చట వర్తకస్థానమును నెలకొల్పుకొనిరి. వారి సమాధులు నేటికిని అచ్చట నిలిచియున్నవి. 1754లో మహారాష్ట్రులు వారి వర్తకశాలను కొల్లగొట్టి కాల్చిరి. 1825లో ఈ స్థలము ఇంగ్లీషువారి వశమయ్యెను. ఓడలు తీరమునకు దూరముగ లంగరు వేయగా, సరకులను పడవలపై చేరవేయుచుండిరి. ఈ ప్రాంతపు మెట్టపొలములలో పండు గోగునార విదేశపు విపణులలో ‘బిమిలీ జనుము’ అను పేరుతో అమ్ముడుపోయెను. ఊరి పేరు ఒక సరకు పేరై సముద్రములు దాటుట సామాన్యమైన గౌరవము కాదు.

వర్తకము పెరిగినచోట జనము చేరును. జనము చేరినచోట చెత్తయు, మురుగును, అంటువ్యాధులును చేరును. వీనిని ఎదుర్కొనుట ఒక్కొక్క గృహస్థుని శక్తికి మించిన పని. ఎవడెంత శుభ్రముగ తన ముంగిటిని ఊడ్చుకొన్నను, పొరుగింటి మురుగు ఆ ముంగిటికే వచ్చును. పురపాలన యొక్క మూలమంతయు ఈ యొక్క వాక్యములోనే యున్నది.

1850వ సంవత్సరమున హిందూదేశమునకంతకు వర్తించునట్లు 26వ చట్టము పుట్టెను. దానిలో విచిత్రమైన నిబంధన యొకటి కలదు. ఊరివారు కోరినచోటనే దానిని అమలుపరుపవలెను. అనగా, ‘మా యూరి బాగుకొరకు మాపై మేమే పన్ను వేసికొందుము’ అని ప్రజలు ముందుగ చెప్పవలెను. పన్నును కోరి తెచ్చుకొను ఊళ్లు అరుదుగ నుండుట సహజమే కదా! అట్టి కాలమున, 1861వ సంవత్సరమును తన పురపాలకసంఘమునకు జన్మవత్సరముగ భీమునిపట్టణము లెక్కించుకొనుచున్నది. అప్పటికి చెన్నపురి రాజధానిలోని పెక్కు పెద్ద పట్టణములకు ఇట్టి సంఘములు లేవు. జనసంఖ్యచే చిన్నదయ్యు, 1901లో సుమారు 10,000 జనము మాత్రమే కలిగియుండియు, ఈ యూరు దేశమందలి ప్రాచీన పురపాలకసంఘముల వరుసలో నిలిచెను.

అయితే ఆ తొలినాళ్ల పాలనను స్వపరిపాలనమని పొగడుట తగదు. సైన్యముల యారోగ్యమును విచారించిన రాజకీయసంఘము 1863లో తన నివేదికను వెలువరించెను. దండు విడిదులచుట్టునున్న ఊళ్లు మలినముగ నున్నంతకాలము సిపాయీలు వ్యాధులకు బలియగుదురని ప్రభుత్వమునకు తెలిసివచ్చెను. పిదప 1865లో చెన్నపురి పట్టణాభివృద్ధి చట్టము పుట్టెను. ఆ చట్టముక్రింద సభ్యులను ప్రభుత్వమే నియమించుచుండెను. జిల్లా కలెక్టరు సభలకు ఆధిపత్యము వహించుచుండెను. పోలీసుల వ్యయములో నాలుగింట మూడువంతులను పట్టణములే భరింపవలసి యుండెను. సొమ్ము ఊరివారిది, ఆజ్ఞ పైవారిది. 1871 నాటి చట్టము ఈ సంఘములకు విద్య, వైద్యము, టీకాలు మున్నగు పనులను అప్పగించెను. పనులు పెరిగినవి గాని అధికారము ఆ పనులకు తగినట్లు ప్రజల చేతికి రాలేదు.

1882వ సంవత్సరము మే నెలలో రిప్పన్ ప్రభువు వెలువరించిన తీర్మానము ఈ విషయమున ఒక మలుపు. స్థానికసంఘముల వలన పాలన బాగుపడుటకంటె ప్రజలు పాలన నేర్చుకొనుటయే ముఖ్యఫలమని ఆయన తలంచెను. మొదట తప్పులు జరిగినను జరుగనిండు. ఆ తప్పులవలననే ప్రజలు నేర్తురు అనునది దాని సారాంశము. తదనుసారముగ 1884లో చెన్నపురి జిల్లా పురపాలకచట్టము వచ్చెను. పన్ను చెల్లించు పౌరులు సభ్యులను ఎన్నుకొనుటకును, సభ్యులు తమ యధ్యక్షుని ఎన్నుకొనుటకును దారి తెరువబడెను. 1920 నాటి చట్టము ఎన్నికైనవారి భాగమును ఇంకను పెంచెను. స్వాతంత్ర్యము వచ్చిన పిదప ధనికులు, దరిద్రులు, స్త్రీలు, పురుషులు అను భేదము లేక వయస్సు వచ్చిన వారందరును ఓటుహక్కును పొందిరి. పన్ను రసీదు గలవానికి మాత్రమే పరిమితమైన మాట ఊడ్చువానికిని, పల్లెకారుని ఇల్లాలికిని దక్కుటకు సుమారు తొంబదియేండ్లు పట్టెను.

ఈ చరిత్రలో పత్రికల పాలును స్మరింపదగినది. 1874లో కందుకూరి వీరేశలింగం పంతులుగారు ప్రారంభించిన ‘వివేకవర్ధని’ ఊరి యధికారుల లంచగొండితనమును బయటపెట్టుటకు జంకలేదు. దేశవార్తలకంటె ఊరివార్త వ్రాయుటకే ఎక్కువ ధైర్యము కావలెను. ఏలయన, దూరదేశపు మంత్రిని నిందించినవాడు మరునాడాతని ముఖము చూడవలసిన పని లేదు. ఊరి యధికారిని గూర్చి వ్రాసినవాడు ఆయనను సంతలో కలిసికొనవలెను. ఊరి లెక్కలు ఊరివారి నోళ్లలో నానినకొలది సంఘము మేల్కొనియుండునని ఆనాటి సంస్కర్తలు గ్రహించిరి.

ఇంతలో భీమునిపట్టణపు అదృష్టము మారెను. పందొమ్మిదవ శతాబ్దపు చివరిదశకమున వేయబడిన తూర్పుతీరపు రైలుమార్గము ఈ రేవును తాకక, లోపలనున్న విజయనగరము మీదుగ పోయెను. 1933లో విశాఖపట్టణమున నూతన నౌకాశ్రయము తెరువబడెను. ఒడ్డుననే ఓడ నిలుచు వసతి యుండగా, అలలపై పడవలలో మూటలు మోయు రేవును వర్తకులెందుకు కోరుదురు? వర్తకము తరలిపోగా పట్టణము నెమ్మదించెను. విశాఖపట్టణము 1979లో నగరపాలకసంఘమయ్యెను. 2005లో గాజువాకను, చుట్టునున్న అనేక గ్రామములను కలుపుకొని మహానగరపాలకసంఘమయ్యెను. 2013లో అనకాపల్లితోపాటు భీమునిపట్టణ పురపాలకసంఘమును అందు విలీనమయ్యెను. నూటయేబదియేండ్లు దాటిన సంఘము ఒక ప్రభుత్వపుటుత్తరువుతో ముగిసి, ఊరు నగరపు శివారుభాగమాయెను.

ఈ విలీనమును కేవలము కీడని చెప్పుట న్యాయము కాదు. చిన్న పురపాలకసంఘమునకు ఆదాయము స్వల్పము. దూరపు జలాశయమునుండి నీరు తెచ్చుటకును, మురుగును శుద్ధిచేయు యంత్రములను నిలుపుటకును, నిపుణులైన ఇంజనీర్లను పోషించుటకును పెద్ద సంఘమునకే శక్తి యుండును. మురుగు ఊరి పొలిమేర చూచి ఆగదు. సముద్రపు కోతయు ఆగదు. ఇట్టి పనులకు పెద్ద చేయి కావలెననుట సత్యమే.

కాని పెద్ద చేయి చేయగల పనులు కొన్ని, దగ్గరి కన్ను చూడగల పనులు కొన్ని. ఏ వీధిలో కొళాయి మూడుదినములనుండి రాలేదు, ఏ పల్లెపాలెమున వాననీరు ఇండ్లలో చొచ్చెను, తీర్థమునాడు ఎచ్చట దీపములు చాలవు అనునది నగరపు నడిబొడ్డున కూర్చున్న కార్యాలయమునకు కాగితముద్వారా తెలియును. ఊరి సభ్యునికి కంటితో తెలియును. మునుపు ఆ సభ్యుడు ఇంటికి పోవుదారిలోనే ప్రశ్నింపబడుచుండెను. మాఘమాసపు స్నానములు, కొండమీది దేవుని యుత్సవము, జాలరుల పండుగలు, పాఠశాలల యాటలు వీనియన్నిటికిని స్థలము, నీరు, దీపము, పారిశుద్ధ్యము ఏర్పాటు చేయుట పురపాలకసంఘపు పని. వేడుక ఊరిదైనపుడు దాని వెనుక పాలనయు ఊరిదై యుండవలెననుట అత్యాశ కాదు.

ఇచ్చట చదువరులు శ్రద్ధతో గమనింపవలసిన సంగతి యొకటి కలదు. 1992లో ఆమోదింపబడి, 1993 జూన్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన 74వ రాజ్యాంగసవరణము పురపాలకసభల కాలము అయిదేండ్లని నిర్ణయించెను. ఆ కాలము ముగియకముందే మరల ఎన్నిక జరుగవలెనని స్పష్టముగ శాసించెను. అట్లుండియు, విశాఖనగరమున 2007లో ఎన్నికైన సభ 2012లో ముగిసిన పిదప, తరువాతి ఎన్నిక 2021 మార్చిలోగాని జరుగలేదు. 2013లో నగరమున చేరిన భీమునిపట్టణపు పౌరులు ఏడేండ్లకు పైగా, నగరసభలో తాము ఎన్నుకొన్న సభ్యుడొక్కడును లేకయే, ఇంటిపన్నును చెల్లించుచు వచ్చిరి. ఆ కాలమున అధికారులు పని చేయలేదని నా భావము కాదు. అయితే 1865 నాటి చట్టమునకును ఈ స్థితికిని పోలిక యెంత దగ్గరగా నున్నదో ఆలోచింపుడు. నాడును సొమ్ము ఊరివారిదే, ఆజ్ఞ నియమితుడైన అధికారిదే. పరప్రభుత్వమున అది మనకు అవమానముగ తోచెను. స్వప్రభుత్వమున అది మనకు తోచనేలేదు!

ఎందుచేత తోచలేదు? ఊరిపాలన యనగా సౌకర్యమని మాత్రమే మనము భావించుటచేత. చెత్తబండి వచ్చినది, దీపము వెలిగినది, ఇక మనకేమి అని సంతుష్టి పడుచున్నాము. 2019లో ఆంధ్రప్రదేశమున వార్డు సచివాలయములు నెలకొల్పబడినవి. అర్జీ పెట్టుకొనువారికి అవి మేలుచేసినవనుటలో సందేహము లేదు. కాని సచివాలయము అధికారిని మన వీధికి తెచ్చును. సభ మనలను అధికారమువద్దకు తీసికొనిపోవును. మొదటిది వచ్చినదని రెండవదానిని మరచుట, వడ్డించువాడు దొరకెనని వంటయింటి తాళపుచెవిని విడిచిపెట్టుటవంటిది.

విలీనమైన సంఘము తిరిగివచ్చునో రాదో చెప్పుట నా పని కాదు. దానికొరకు ఎదురుచూచుచు చేతులు ముడుచుకొని కూర్చుండనక్కరలేదు. మూడులక్షలు, అంతకు మించిన జనసంఖ్య గల నగరములలో వార్డుసంఘములు ఏర్పడవలెనని అదే రాజ్యాంగసవరణము నిర్దేశించెను. నగరమెంత పెద్దదైనను, వార్డుసంఘము సరిగా కూడినచో భీమునిపట్టణపు పాతసభ యొక్క ప్రాణము అందులో నిలువగలదు. 2005 నాటి సమాచారహక్కు చట్టము ప్రభుత్వసంస్థలు తమ ఆదాయవ్యయముల లెక్కలను ఎవరును అడుగకముందే ప్రకటింపవలెనని విధించెను. సాధనములు కలవు, వాడు చేతులు కావలెను.

ఆ చేతులు మొదట మన ఇండ్లలోనే కదలవలెను. ఇంటిపన్ను కాగితము వచ్చినపుడు మొత్తము చూచి సొమ్ము కట్టివేయుటతో మన పని తీరలేదు. అందులో నీటికెంత, దీపమునకెంత, మురుగునకెంత అని చదువవలెను. మన వార్డు సభ్యుని పేరు ఇంటిల్లిపాదికి తెలిసియుండవలెను. నగరసభ యేనాడు కూడునో, ఆయవ్యయపట్టిక యెప్పుడు చర్చకు వచ్చునో పండుగతేదీలవలె గుర్తుంచుకొనవలెను. తీర్థమునకు నెలదినములు ముందుగనే నీటినిగూర్చి, మరుగుదొడ్లనుగూర్చి నలుగురు కలిసి వ్రాసి అడుగవలెను. తీర్థము ముగిసిన పిదప ఖర్చు లెక్క యడుగవలెను.

ఈ పనిలో స్త్రీలకు విశేషాధికారము కలదని నా నమ్మకము. కొళాయి రానిదినమున బిందె పట్టుకొని నిలుచునది వారు. వీధిదీపము లేనిరాత్రి భయపడి త్వరగా ఇల్లు చేరునది వారు. జ్వరము వచ్చిన బిడ్డ తలాపున మేలుకొనియుండునది వారు. 74వ సవరణము పురపాలకసభలలో మూడవవంతుకు తక్కువ కాకుండ స్థానములను వారికి కేటాయించెను. ఆ స్థానమున కూర్చున్న స్త్రీ భర్త మాటనో, బంధువుల మాటనో పలుకక, తాను బిందెతో నిలిచి నేర్చిన మాటను పలికినపుడే ఆ శాసనము సార్థకమగును.

1850 నాటి చట్టము భీమునిపట్టణమువంటి ఊళ్లను అడిగిన ప్రశ్న యొక్కటే: మీ యూరి భారము మీరు మోయుదురా? ఆనాటి ఊరివారు మోసెదమనిరి. నేడు నగరము పెద్దదైనది, భారమును మోయువారు మారిరి, కాని ఆ ప్రశ్న మారలేదు. సంఘము యొక్క పేరును ప్రభుత్వపుటుత్తరువు తుడిచివేయగలదు. లెక్క యడుగు అలవాటును మాత్రము ఏ ఉత్తరువును తుడువజాలదు. దానిని తుడిచివేయగలిగినది మన యుదాసీనత యొక్కటే.