ఒత్తుమన్న మాట

కుంకుడుకాయలు కొట్టి నానవేయు ఓపిక సన్నగిల్లినకొలది మన యిండ్ల జేరిన ‘షాంపూ’ను మనము సీమసరుకనియే తలచుచున్నాము, కాని ఆ మాటకు పుట్టిల్లు హిందూదేశమే. హిందీలో ‘చాంప్నా’ యనగా ఒత్తుట, పిసుకుట. ‘చాంపో’ యనగా ‘ఒత్తు’మని ఆజ్ఞ. రాత్రి మేను వాల్చిన తాతగారు మనుమని పిలిచి ‘కాళ్ళొత్తరా’ యను మాట యెట్టిదో, ఇదియు నట్టిదే. ఆ ఆజ్ఞయే 18వ శతాబ్దిలో దొరల నోట బడి ఆంగ్లక్రియగా నిలిచిపోయినది.

బ్రిటనులో ఆ ఒత్తుడు పనికి పేరుప్రతిష్ఠలు గడించినవాడు 1759లో పాట్నాలో జన్మించిన షేక్ దీన్ మహమ్మద్. బాల్యముననే ఈస్టిండియా కంపెనీవారి బెంగాలు సేన వెంట నడచి, 1784లో ఒక దొరతో ఐర్లండునందలి కార్కునకు పోయి, 1794లో తన యాత్రావృత్తాంతమును ఆంగ్లమున ప్రకటించి, 1810లో లండనున హిందూస్థానీ భోజనశాలను తెరచి, అది దివాలా తీయగా, తుదకు సముద్రతీరమునందలి బ్రైటను పట్టణమున స్నానగృహమును నెలకొల్పెను. అచట రోగిని మూలికల యావిరిలో కూర్చుండబెట్టి చెమట పట్టించి, చుట్టును ఉన్నిగుడ్డతో డేరా దించెడివారు. ఆ డేరాకు చొక్కాచేతులవలె కుట్టిన తొడుగులలోనికి మర్దనము చేయువాడు తన చేతులు దూర్చి, లోనివాని యవయవములను ఒత్తెడివాడు. స్వస్థులై వెడలినవారు విడిచిన ఊతకర్రలను ఆ గృహమున విజయచిహ్నములవలె ప్రదర్శించెడివారు. నాల్గవ జార్జి, నాల్గవ విలియము రాజులకు ఆతడు ‘షాంపూయింగ్ సర్జను’ అయ్యెను. 1822లో తన చికిత్సపై గ్రంథమును వెలువరించెను. ఈ కథయందు సబ్బునురుగు ప్రసక్తి లేదు, ఉన్నదెల్ల చేతిపనియే.

ఆతడు 1851లో మరణించెను. 1860 ప్రాంతమున ఆ క్రియ మేనినుండి తలకెక్కి, శిరోజములను నురుగుతో కడుగుటను తెలుపజొచ్చెను. పిమ్మట ఆ నురుగు నిచ్చు పదార్థమునకే పేరాయెను. ఇట్టి అర్థపరిణామము మనకు క్రొత్త గాదు: తలకు నూనె అంటుటయే ‘తలంటు’ కాగా, నేడు నూనెతో పనిలేని తలస్నానమునకును అదే మాట చెల్లుచున్నది.

అయినను పాత యర్థము పూర్తిగా చచ్చిపోలేదు. హిందీవారు ‘చంపీ’ యనుచు తల మర్దనము చేయించుకొనుచునే యున్నారు. మన యూళ్ళలోను, క్షవరము ముగించిన మంగలి కత్తెర ప్రక్కనబెట్టి, నడినెత్తిపై అరచేతులుంచి నొక్కుచుండగా, అతని వెనుక బల్లపై షాంపూసీసా నిలిచియుండును. మాట ఆ సీసాది, పని ఆ చేతులది.