ముందు ఆగేది ఊపిరా, గుండెనా?

ఉప్పల్, నాచారం పారిశ్రామికవాడల్లో పనిచేసే మనవాళ్లకు దమ్ము విలువ వేరే చెప్పనక్కరలేదు. ఈ దమ్ము గురించిన ఒక పెద్ద వాదం మన హైదరాబాదులోనే నడిచిందని మనలో ఎంతమందికి తెలుసు?

ఆపరేషనుకు క్లోరోఫాం మత్తిచ్చే రోజులవి. కొందరు రోగులు బల్లమీదే చనిపోయేవారు. అప్పుడు ముందు ఆగేది గుండెనా, ఊపిరా? ఇది తేల్చడానికి రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ పూనికతో, ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ సర్కారు ఆదరణతో 1888లో ఒకటి, 1889లో మరొకటి కమిషన్లు పనిచేశాయి. రెండోసారి లండన్ నుంచి డాక్టర్ లాడర్ బ్రంటన్ వచ్చారు. జంతువులపై వందలాది పరీక్షలు జరిపి, ముందు ఆగేది ఊపిరేననీ, నాడికన్నా ఊపిరినే కనిపెట్టాలనీ తేల్చారు.

అసలు లోపల జరిగేదేమిటి? గుండె కుడివైపు నుంచి చెడురక్తం ఊపిరితిత్తులకు పోతుంది. అక్కడ చిన్నచిన్న గాలిగదుల చుట్టూ వెంట్రుకకన్నా సన్నని రక్తనాళాలుంటాయి. పలుచని గోడ దాటి ప్రాణవాయువు రక్తంలోకి, బొగ్గుపులుసు వాయువు గాలిలోకి మారతాయి. మంచిరక్తం గుండె ఎడమవైపుకు చేరుతుంది. గాలి ఆడకపోతే రక్తం వట్టిచేతులతో తిరిగొస్తుంది. రక్తం రాకపోతే లోపలున్న గాలి వృథా.

అందుకే లారీగారి మాట సగమే నిజమైంది. క్లోరోఫాం గుండెనూ హఠాత్తుగా దెబ్బతీయగలదని 1911లో ఇంగ్లండులో లెవీ పిల్లులపై పరీక్షించి చూపాడు. ఈనాడు ఆపరేషను థియేటరులో గుండెనూ, ఊపిరినీ, రక్తంలోని ప్రాణవాయువునూ కలిపే చూస్తారు.

కాబట్టి ఇంట్లో ఎవరికైనా దమ్ము పట్టేస్తే, నాడి ఆడుతోంది కదా అని కూర్చోకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకుపోదాం.