ఒక్క అడుగూ మిగల్లేదు

మా నిజామాబాద్ జిల్లా ధర్పల్లిలో ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చేసే అమ్మల వేళ్లను ఎప్పుడైనా ఫోన్‌లో తీసి, వేగం తగ్గించి చూడండి. తునికాకు, చిటికెడు తంబాకు, ఒక చుట్టు, మడత, దారం. కంటికి ఒకటే ఊపులా తోచినది పది కదలికలుగా విడిపోతుంది. ఇలా చూడటం మనిషి నేర్చుకుని నూట యాభై ఏళ్లు కూడా కాలేదు. ఆ విద్య వెంట నడిచి చితికిపోయినవాళ్లలో ఇద్దరు నన్ను వదలరు. ఒకరిది పారిస్, ఒకరిది మద్రాసు.

1878లో కాలిఫోర్నియాలో మైబ్రిడ్జ్ అనే ఫొటోగ్రాఫర్ వరుసగా కెమెరాలు పెట్టి గుర్రం పరుగును పట్టాడు. 1882లో మారే అనే శాస్త్రవేత్త పారిస్ శివారులో ఇందుకే ఒక కేంద్రం తెరిచాడు. మనిషికి నల్లబట్టలు తొడిగి, కాళ్లూ చేతుల వెంట తెల్లటి గీతలు అతికించి, నల్లటి గోడ ముందు నడిపించేవాడు. ఒకే గాజుపలక మీద గీతలు బారుగా పడేవి. మనిషి మాయమై నడక మిగిలేది.

అక్కడ పగలూ రాత్రీ పనిచేసిన సహాయకుడు జార్జ్ డెమెనీ. చెవిటివారికి పెదవుల కదలిక చూపించాలని 1891లో మాట్లాడుతున్న తన ముఖాన్నే వరుస ఫొటోలుగా తీయించాడు. ఈ బొమ్మలు జనం ముందుకు వెళ్లాలన్నది అతని ఆశ. గురువు మారేకు శాస్త్రం చాలు, వ్యాపారం వద్దు. 1894లో డెమెనీ కొలువు పోయింది. మరుసటి ఏడు తన యంత్రాల హక్కులు లియోన్ గోమో అనే వ్యాపారి చేతిలో పెట్టాడు. ఆ డిసెంబరులోనే పారిస్‌లో సినిమా ప్రదర్శనతో లూమియేర్ సోదరుల పేరు మోగిపోయింది. గోమో కంపెనీ ఎదిగింది. డెమెనీ వ్యాయామ పాఠాలకు తిరిగి వెళ్లి, 1917లో కన్నుమూశాడు.

ఆ గోమో కంపెనీ తయారుచేసిందే క్రోనోమెగాఫోన్. తెర మీద బొమ్మ కదులుతుంటే, పక్కన గ్రామఫోను పలక దానికి జతగా పాడుతుంది. 1910 ప్రాంతంలో మద్రాసులో అది ఒక ఫొటోగ్రాఫర్ కంటపడింది. ఆయన మచిలీపట్నం మనిషి, రఘుపతి వెంకయ్య. స్టూడియోను పణంగా పెట్టి, 30,000 రూపాయలు పోసి కొన్నారని చెబుతారు. అది దుడుకుతనమని అనేవాళ్లున్నారు. నేను అనలేను. కూర్చోబెట్టి, కదలొద్దని చెప్పి ఫొటోలు తీసిన చేతికి, కదిలే బొమ్మ దొరికింది మరి.

మద్రాసులో డేరా వేసి ఆడించారు. ఊళ్లు తిప్పారు, బర్మా, సింహళం దాకా వెళ్లారు. గెయిటీ, క్రౌన్, గ్లోబ్ అని మద్రాసులో మూడు థియేటర్లు కట్టారు. కొడుకు ప్రకాశ్‌ను సినిమా పని నేర్చుకోమని విదేశాలకు పంపారు. 1921లో తండ్రీకొడుకులు స్టార్ ఆఫ్ ది ఈస్ట్ అనే కంపెనీ మీద ‘భీష్మ ప్రతిజ్ఞ’ తీశారు. తెలుగువాళ్లు తీసిన తొలి కథాచిత్రం అదే. భీష్ముడు ప్రకాశే.

ఆ తర్వాత అప్పులు. కంపెనీ మూతపడింది, థియేటర్లు చేయిజారాయి. కట్టినవన్నీ కళ్లముందే పరాయివయ్యాయి. 1941లో వెంకయ్యగారు వెళ్లిపోయారు. 1980లో ప్రభుత్వం ఆయన పేర అవార్డు పెట్టింది. తెలుగు సినిమాకు పితామహుడన్నారు. బతికుండగా ఆ మాట ఎవరైనా అని ఉంటే ఎంత బాగుండేది!

డెమెనీ ముఖం ఇంకా ఉంది, పెదవులు కదులుతూనే ఉన్నాయి. ‘భీష్మ ప్రతిజ్ఞ’ది మాత్రం ఒక్క అడుగు రీలు కూడా దొరకలేదు. నాటి ఫిల్ము నైట్రేటుది, ఇట్టే అంటుకుంటుంది, ఎండకూ తేమకూ జిగురై, పొడై రాలిపోతుంది. నిజామాబాద్, బోధన్ వైపు టూరింగ్ టాకీసులు నడిపినవాళ్ల ఇళ్లలో, అటకల మీద, తుప్పుపట్టిన రేకు డబ్బాలేవైనా ఉంటే పాతసామాన్లకు వేయకండి. నిప్పుకు దూరంగా ఉంచి, పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌కు ఒక ఉత్తరం రాయండి.