ఎముక మీద పడిన నీడలు: మన్యం వైపు నుంచి ఒక చరిత్ర

ఎముకకు ఏ వ్యాధి సోకినా అది చేయగలిగిన పనులు రెండే. ఉన్న ఖనిజాన్ని పోగొట్టుకొని కరిగిపోవడం ఒకటి, అవసరం లేని చోట కొత్త ఎముకను పేర్చుకొని గట్టిపడడం రెండోది. ఎక్స్‌రే ఫిల్ము మీద మొదటిది నల్లని గుంటగాను, రెండోది తెల్లని మచ్చగాను పడుతుంది. క్షయ సోకినా, చీము పట్టినా, రక్తం అందక ఎముకలో ఒక భాగం చచ్చిపోయినా, ఎముకలోనే క్యాన్సర్ పుట్టినా, మరో అవయవంలో పుట్టిన క్యాన్సర్ రక్తం వెంట వచ్చి ఎముకలో స్థిరపడినా, చూసేవారి కంటికి అందేది ఈ నలుపు తెలుపుల కలయికే. అందువల్ల చిత్రాన్ని చూసి ఎముక క్యాన్సర్‌ను పోల్చుకునే విద్య చరిత్ర యంత్రాల పేర్లు, తేదీలతో పూర్తికాదు. ఏ నేల మీద ఏ వ్యాధులు క్యాన్సర్ వేషం వేసుకొని వచ్చాయో, ఆ వేషం ఎలా బయటపడిందో కూడా అందులోనే చేరుతుంది. ఆ చరిత్రను బోస్టన్ నుంచో లండన్ నుంచో కాక, అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఒడిశా సరిహద్దు వైపున్న పెదబయలు మండలం దిక్కు నుంచి చూస్తే, పాఠ్యపుస్తకాలు చిన్న అక్షరాల్లో ముగించిన వ్యాధులే ముందు వరుసకు వస్తాయి.

1895 నవంబరు 8న జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌లో విల్‌హెల్మ్ రాంట్‌జెన్ ఎక్స్ కిరణాలను కనుగొన్నాడు. డిసెంబరు 22న ఆయన తీసిన భార్య చేతి చిత్రంలో వేళ్ల ఎముకలు, ఉంగరం కనబడ్డాయి. ఎక్స్‌రే మొట్టమొదట ఎముకల విద్య అయింది ఎముకలో ఉన్న కాల్షియం కిరణాలను ఎక్కువగా ఆపుతుంది కనుకనే. అప్పటికి నేటి పెదబయలు ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో, 1839 నాటి గంజాం, విశాఖపట్నం చట్టం ప్రకారం ఏర్పడిన ఏజెన్సీ పాలనలో ఉంది. కొండల ఆరోగ్యం గురించి పట్నంలో మాట వస్తే అది మన్యం జ్వరం గురించే. ఎముక నొప్పి, కాలి వాపు వంటివి పసరు మందుకు, కట్టుకు వదిలేసిన సంగతులు. విశాఖపట్నంలో వైద్య కళాశాల, కింగ్ జార్జ్ ఆసుపత్రి 1923లో ప్రారంభమయ్యాయి. అదే ఏడాది పొరుగున ఉన్న గూడెం కొండల్లో ప్రభుత్వ బలగాలు తిరుగుబాటు నడుపుతున్న అల్లూరి సీతారామరాజు కోసం వెతుకుతున్నాయి. ఆ తిరుగుబాటుకు కారణాల్లో చాలీచాలని కూలికి గిరిజనుల చేత బలవంతంగా రోడ్డు వేయించడం ఒకటి. రోగి పట్నం చేరాలన్నా, పట్నం వైద్యం కొండ ఎక్కాలన్నా కావలసింది రోడ్డే కాబట్టి, ఈ ప్రాంతపు వైద్య చరిత్రలో ఆ సంగతిని పక్కన పెట్టడం కుదరదు.

కొండల్లో క్యాన్సర్‌ను పోలిన వ్యాధుల్లో మొదట చెప్పవలసింది యాస్. చర్మం మీద పుండ్లతో మొదలై, చికిత్స లేకపోతే ఏళ్ల తరువాత ఎముకలను పట్టే ఈ అంటువ్యాధికి కోయ రోగం అనే పేరు కూడా ఉంది. మధ్య, తూర్పు భారతంలో ఇది ఎక్కువగా వైద్యం అందని అటవీ గ్రామాల వ్యాధి. యాస్ పట్టిన ఎముక మీది పైపొర, అంటే పెరియాస్టియం, పదేపదే రేగి ఒకదాని మీద ఒకటిగా కొత్త ఎముక పొరలు వేస్తుంది. మోకాలి కింది పెద్ద ఎముక ముందుకు కత్తిలా వంగుతుంది. అక్కడక్కడ ఎముక తిన్నట్టు గుంటలు పడతాయి. న్యూయార్క్ పాథాలజిస్టు జేమ్స్ యూయింగ్ 1921లో వర్ణించిన, నేడు ఆయన పేరుతోనే పిలిచే పిల్లల ఎముక క్యాన్సర్‌కు కూడా ఉల్లిపొరల్లాంటి ఈ పేర్పే ప్రసిద్ధ లక్షణం. తేడా ఏమిటంటే యాస్ సాధారణంగా ఒకే ఎముకతో ఆగదు, పైగా దాని పొరలు నిదానంగా, దళసరిగా, తెంపులు లేకుండా పెరుగుతాయి. క్యాన్సర్‌లో కణితి పొరలను చీల్చుకొని బయటి కండరంలోకి వస్తుంది. పెన్సిలిన్ ఒక్క సూదితో లొంగే వ్యాధి అయినా యాస్ చాలా కాలం మిగిలింది. 1996లో నిర్మూలన కార్యక్రమం ప్రయోగాత్మకంగా మొదలైంది పెదబయలుకు పొరుగున ఉన్న కోరాపుట్ జిల్లాలోనే. దేశంలో చివరి కేసు 2003లో నమోదైంది. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశాన్ని యాస్ లేని దేశంగా ధ్రువీకరించింది. ఆ విధంగా రేడియాలజిస్టుల జాబితా నుంచి ఒక మారువేషం తొలగింది.

క్షయ మాత్రం తొలగలేదు. వెన్నెముక క్షయను ఇంగ్లండు శస్త్రవైద్యుడు పెర్సివల్ పాట్ 1779లోనే వర్ణించాడు. నడుమునొప్పితో, బరువు తగ్గి, కాళ్లు పట్టు తప్పి వచ్చిన మనిషి చిత్రంలో వెన్నుపూస కూలి ఉంటే, అది క్షయా, మరోచోట నుంచి పాకిన క్యాన్సరా అన్న ప్రశ్న ఈ దేశంలో ప్రతి ఎక్స్‌రే గదిలోనూ ఎదురవుతుంది. పూసకు పూసకు మధ్య మెత్తలా ఉండే డిస్కు దీనికి మంచి ఆధారం. క్షయ సాధారణంగా పక్కపక్కనున్న రెండు పూసల అంచుల్లో మొదలై వాటి మధ్య డిస్కును కూడా తినేస్తుంది, చుట్టూ చీము చేరుతుంది. క్యాన్సర్ పూసను కూల్చినా డిస్కును చాలావరకు వదిలేస్తుంది. అలాగే పూసను ఎదురుగా తీసిన చిత్రంలో రెండు కళ్లలా కనిపించే గుండ్రటి నీడలు ఉంటాయి; అవి పూస వెనుక భాగాన్ని ముందు భాగానికి కలిపే పెడికల్ అనే స్తంభాలు. వాటిలో ఒక కన్ను మాయమైతే క్యాన్సర్ అనుమానం బలపడుతుంది. అయితే డిస్కును ముట్టని క్షయ కూడా అరుదుగా ఉంటుంది కాబట్టి చివరి తీర్పును సూదితో తీసిన ముక్క పరీక్షకే, అంటే బయాప్సీకే వదలవలసి వస్తుంది.

గిరిజన ప్రాంతాలకు మరింత సొంతమైన చిక్కు సికిల్ సెల్ వ్యాధి. వంశపారంపర్యంగా వచ్చే ఈ లోపంలో ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారానికి మారి సన్నని రక్తనాళాలను మూసేస్తాయి. భారతదేశంలో దీన్ని 1952లో లేమన్, కట్‌బుష్‌లు నీలగిరి గిరిజనుల్లో గుర్తించారు. తరువాతి సర్వేలు విశాఖ మన్యం గిరిజన సమూహాల్లోనూ దీన్ని చూపించాయి. దేశవ్యాప్త నిర్మూలన కార్యక్రమం 2023 జులై 1న ఆరంభమైంది. రక్తం అందని ఎముక భాగం చచ్చి, పక్కనే కొత్త ఎముక పుట్టి, పైపొర లేచిన చిత్రం పదేళ్ల పిల్లవాడి తొడ ఎముకలో కనిపిస్తే, అది సికిల్ సెల్ దెబ్బా, ఆ బలహీనతలో చేరిన చీమా, యూయింగ్ సార్కోమానా అన్నది ఫిల్ము ఒక్కటే చెప్పలేదు. జ్వరం, వాపు మూడింటిలోనూ ఉండవచ్చు. ఇలాంటి చోట చౌకైన రక్త పరీక్ష ఒకటి ఖరీదైన స్కానింగు కన్నా ముందు అడగవలసిన ప్రశ్న అవుతుంది. న్యూయార్క్ పుస్తకం చదువుకున్న వైద్యుడికి ఈ వరుస కొండ ఎక్కాకే తెలుస్తుంది.

ఎముకలోనే పుట్టే క్యాన్సర్లను చిత్రంలో చదివే పద్ధతికి పునాది వేసినవాడు బోస్టన్ శస్త్రవైద్యుడు ఎర్నెస్ట్ కాడ్‌మన్. ఈ వ్యాధులు ఎంత అరుదంటే ఒక వైద్యుడు జీవితకాలంలో చూసేవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అందుకే ఆయన 1920లో దేశమంతటి వైద్యుల నుంచి ఎక్స్‌రేలను, కణజాలపు ముక్కలను, రోగుల తరువాతి సమాచారాన్ని ఒక చోట చేర్చే నమోదు పుస్తకం మొదలుపెట్టాడు. కణితి పైపొరను వేగంగా ఎత్తినప్పుడు అంచున మిగిలే ముక్కోణపు నీడకు ఆయన పేరే నిలిచింది. 1960ల్లో గ్విలిమ్ లాడ్‌విక్ ఈ విద్యకు మరో మెట్టు కట్టాడు. చిత్రం కణితి పేరు కన్నా ముందు దాని వేగాన్ని చెబుతుందని ఆయన పద్ధతి సారాంశం. నిదానంగా పెరిగే గడ్డ చుట్టూ ఎముకకు గోడ కట్టుకునే తీరిక దొరుకుతుంది కాబట్టి అంచు తెల్లగా, తేటగా ఉంటుంది. వేగం పెరిగేకొద్దీ ఆ గోడ పోయి, చిమట కొట్టిన బట్టలా చిన్న చిన్న చిల్లులు పడతాయి. మరీ దూకుడుగా ఉన్నప్పుడు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలియని మసక మిగులుతుంది. దీనికి వయసు, చోటు తోడైతే ఊహ చాలా దూరం వెళ్తుంది: పది నుంచి ఇరవై ఏళ్ల వయసులో మోకాలి దగ్గర, సూర్యకిరణాల్లా బయటికి చిమ్మిన కొత్త ఎముకతో కనిపించేది ఎక్కువగా ఆస్టియోసార్కోమా, ఎదుగుదల ఆగిన తరువాత ఇరవై, నలభై ఏళ్ల మధ్య కీలు అంచు దాకా పాకే నల్లని గుంట జెయింట్ సెల్ ట్యూమర్ కావచ్చు, ఇది చాలావరకు క్యాన్సర్ కాదు.

ఇంత నేర్పుగా గుర్తించినా 1970ల దాకా ఆస్టియోసార్కోమా రోగికి దక్కింది అవయవం తీసివేయడమే, ఆ తరువాత కూడా చాలామంది ఊపిరితిత్తులకు పాకిన వ్యాధితో చనిపోయేవారు. ఎక్స్‌రే పుట్టిన 1895లోనే భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో నడిపిన పరిశోధన నుంచి మెథోట్రెక్సేట్ అనే క్యాన్సర్ మందు వచ్చింది. ఆయన 1948లో మరణించాడు. ఆ మందును భారీ మోతాదులో ఇచ్చి ఆస్టియోసార్కోమాకు వాడడం 1970ల్లో మొదలై, ఇతర మందులతో కలిసి, వ్యాధి పాకని దశలో చేరినవారిలో సగానికి మించి బతికే స్థితిని తెచ్చింది. పిల్లవాడి మోకాలి వాపును దెబ్బ అనుకొని నెలల తరబడి మర్దన చేయించడం వల్ల జరిగే నష్టానికి అప్పటి నుంచే అసలు బరువు వచ్చిందనాలి.

నలభై దాటిన మనిషి ఎముకలో కనిపించే క్యాన్సర్ మాత్రం చాలా ఎక్కువగా వేరే చోట పుట్టి పాకినదే. దీన్నే మెటాస్టాసిస్ అంటారు. లండన్ వైద్యుడు స్టీఫెన్ పాజెట్ 1889లో రొమ్ము క్యాన్సర్‌తో మరణించిన 735 మంది వివరాలు పరిశీలించి, విత్తనం ఎక్కడ పడినా తగిన నేలలోనే మొలుస్తుందని పోలిక చెప్పాడు. ఏ వాలులో ఏ గింజ దక్కుతుందో ఎరిగి పోడు చేసే కొండవాసికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. పెద్దవారిలో ఎర్ర మూలుగ మిగిలి ఉండే వెన్నుపూసలు, కటి, పక్కటెముకలు, తొడ ఎముక పైభాగం ఆ నేల. మోకాలికి, మోచేతికి కింద ఈ మచ్చలు అరుదు. 1940లో ఆస్కార్ బాట్సన్ వెన్నెముక వెంట ఉన్న, కవాటాలు లేని సిరల వలను చూపి, ప్రోస్టేట్ గ్రంథి క్యాన్సర్ నేరుగా వెన్నుపూసలకు చేరే దారిని వివరించాడు. మూత్రపిండం, థైరాయిడ్ గ్రంథి నుంచి వచ్చినవి ఎముకను కరిగిస్తాయి, ప్రోస్టేట్‌వి గట్టిపరుస్తాయి, రొమ్మువి రెండూ చేయగలవు. థైరాయిడ్ సంగతి మన్యంలో ప్రత్యేకంగా పట్టించుకోదగినది. అయోడిన్ లోపంతో గొంతు ముందు గ్రంథి ఉబ్బే గాయిటర్ తూర్పు కనుమల గిరిజన గ్రామాల్లో పాత వ్యాధి. అయోడిన్ కొరత ఉన్న ప్రాంతాల థైరాయిడ్ క్యాన్సర్లలో ఫాలిక్యులర్ రకం వాటా ఎక్కువగా ఉంటుంది, రక్తం వెంట ఎముకకు పాకేది ముఖ్యంగా ఆ రకమే. ఏళ్లుగా గొంతు వాపు ఉన్న మనిషికి కటిలో నల్లని గుంట కనబడితే కారణం కోసం ముందుగా మెడను తడమాలి.

తెల్లని మచ్చల విషయంలో తెలుగు నేల ప్రపంచానికే ఒక పాఠం నేర్పింది. 1937లో షార్ట్, మెక్‌రాబర్ట్, బార్నార్డ్, నాయర్ మద్రాసు ప్రెసిడెన్సీలోని ఫ్లోరోసిస్ గురించి ప్రచురించిన వ్యాసం అప్పటి నెల్లూరు జిల్లా మెట్ట గ్రామాల మనుషుల గురించి. వారిలో బార్నార్డ్ అంటే 1934లో మద్రాసులో తన పేరుతో రేడియాలజీ సంస్థ వెలసిన బార్నార్డే. తాగునీటి ఫ్లోరైడు వల్ల వెన్నెముక, కటి సుద్దలా తెల్లబారిన ఆ చిత్రాలను ఊరి పేరు చూడకుండా చదివితే ప్రోస్టేట్ క్యాన్సర్ ఒళ్లంతా పాకిందని రాయడం తేలిక. ఎముకలను కలిపే స్నాయువులు కూడా రాయిలా గట్టిపడి ఉండడం, ముంజేతి రెండు ఎముకల మధ్య పొరలో ముళ్లలా ఎముక మొలవడం ఫ్లోరోసిస్ గుర్తులు. 1955లో సిద్దికీ నల్లగొండ జిల్లా నుంచి ఇదే వ్యాధిని వర్ణించాడు.

సాదా ఎక్స్‌రేకు ఒక పెద్ద లోపం ఉంది. పూస లోపలి ఖనిజంలో మూడో వంతు నుంచి సగం దాకా పోయేవరకు అది నష్టాన్ని చూపలేదు. ఆ జాప్యాన్ని తగ్గించడానికి ఎముక రూపాన్ని కాక దాని పనిని చూసే పద్ధతులు వచ్చాయి. కొత్తగా ఎముక కట్టుకుంటున్న చోట చేరే రేడియోధార్మిక పదార్థాన్ని సూదితో ఎక్కించి, అది ఎక్కడ పోగైందో కెమెరాతో చూడడమే బోన్ స్కాన్. 1962లో బ్లౌ బృందం ఇందుకు ఎంచుకున్నది ఫ్లోరిన్-18, అంటే ఫ్లోరైడే. నెల్లూరు ఎముకలను తెల్లబరచిన అదే ఆకర్షణ ఇక్కడ పరీక్షగా మారింది. 1971లో సుబ్రమణియన్, మెకాఫీ టెక్నీషియం ఫాస్ఫేటు సమ్మేళనాన్ని తెచ్చాక స్కాను చౌకై వ్యాపించింది. క్యాన్సర్ కణం మూలుగలో చేరగానే కొవ్వు స్థానంలో వచ్చే మార్పును ఎంఆర్ఐ అంతకన్నా ముందే పట్టుకుంటుంది. బోన్ స్కాన్ కూడా మోసపోతుంది: కొత్త ఎముక కట్టనివ్వని మల్టిపుల్ మైలోమా అనే మూలుగ క్యాన్సర్‌ను వదిలేయవచ్చు, మానుతున్న విరుపును, క్షయను క్యాన్సర్‌లాగే వెలిగించి చూపవచ్చు.

ఇప్పుడు ఫిల్ము లేని డిజిటల్ ఎక్స్‌రే నిమిషాల్లో పట్నం చేరుతుంది, పట్నం రేడియాలజిస్టు జిల్లా కేంద్రమైన పాడేరులో తీసిన చిత్రాన్ని చదవగలడు. ఫ్లోరైడు స్కానుకు ఆ సౌకర్యం లేదు. ఫ్లోరిన్-18 రేడియోధార్మికత ప్రతి 110 నిమిషాలకు సగానికి తరుగుతుంది. విశాఖపట్నం నుంచి ఘాట్ రోడ్డెక్కి పాడేరు మీదుగా పెదబయలు వచ్చేసరికి అందులో సగం కూడా మిగలదు. అందుచేత నడుము కూలిన రోగినే కిందికి దించాలి. రోడ్డు లేని ఊళ్లలో ఆ ప్రయాణం నేటికీ రెండు భుజాల మీది డోలీతో మొదలవుతుంది, క్యాన్సర్ తిన్న వెన్నుపూస కుదుపులకు విరిగి వెన్నుపామును నొక్కగలదు కాబట్టి డోలీ కట్టేవారు కర్రల మధ్య గుడ్డను వదులుగా వేలాడనీయక, కింద బల్లచెక్క పరచి మనిషిని వెల్లకిలా పడుకోబెట్టవలసి ఉంటుంది.